బోల్డ్ ఫాంట్‌ని పక్కకి వాలిస్తే ఊపు రావట్లేదు, పడిపోతున్నట్టుంది. ఏం చేయాలి?

వంకరగీత
పరుగు పందేనికి పోస్టరు చేస్తున్నా. పేరు రెండు ముక్కలు, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో. బాగా మందంగా, కుడివైపు వాలి, చూడగానే దూసుకెళ్తున్నట్టు ఉండాలని అడిగారు. చేతిలో ఉన్న బోల్డ్ సాన్స్ ఫాంట్ (గీతల కొసల్లో తోకలు లేనిది) తీసుకుని ఇలస్ట్రేటర్‌లో షియర్, అంటే అక్షరాన్ని పక్కకి వాల్చే పనిముట్టు, 20 డిగ్రీలు ఇచ్చా. దూసుకెళ్లడం మాట అటుంచి, గాలివానకి ఒరిగిన కంచెలా తయారైంది. 'ఓ' ఒక పక్క ఉబ్బింది, 'ఎస్' మధ్యలో లావెక్కింది. కింద అదే పేరు తెలుగులో కూడా కావాలట, దాన్ని వాలిస్తే ఇంకో గోల.

ఇలాంటి పనికి సరిపోయే ఫాంట్ ఉంటే చెప్పండి. ఫాంట్ కాదు, పద్ధతే తేడా అంటే అదైనా చెప్పండి.

బోల్డుబాబ్జీ
20 డిగ్రీలా! 10కీ 12కీ మధ్య ఆపేయండి. హెల్వెటికా ఫాంట్ వాలు రూపం, ఒబ్లిక్ అంటారు, అది కూడా 12 దగ్గరే ఉంటుంది.

రాత్రిరెండర్
ఇవన్నీ మనలాంటి వాళ్లకే కనపడతాయి. రోడ్డు మీద పోయేవాడు 'ఎస్' లావుగా ఉందని ఆగి చూస్తాడా? షియర్ కొట్టి పంపించేయండి, ఇంకో పని చూసుకోవచ్చు.

కెర్నింగ్‌కామేశం
బాబ్జీ గారు చెప్పినట్టు డిగ్రీలు తగ్గిస్తే బాధ తగ్గుతుంది కానీ పోదు. షియర్‌లో ప్రతి బిందువూ తన ఎత్తుని బట్టి పక్కకి మాత్రమే జరుగుతుంది. దాంతో అక్షరం కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకి సాగుతుంది, ఆ రెండో ఏటవాలులో నొక్కుకుపోతుంది. గుండ్రటి 'ఓ' తీసుకోండి. పై కుడి వంపు, కింది ఎడమ వంపు లావవుతాయి. పై ఎడమ, కింది కుడి సన్నబడతాయి. 'ఎస్' మధ్యగీత పై ఎడమ నుంచి కింది కుడికి దిగుతుంది కాబట్టి పొడవు తగ్గి, మందం పెరిగి బరువెక్కుతుంది. పెద్ద 'ఎ'లో కుడికాలు నిటారవుతూ లావవుతుంది, ఎడమకాలు ఇంకా వాలిపోయి సన్నబడుతుంది. 'వి'లో ఎడమ చెయ్యి లావు, కుడి చెయ్యి సన్నం.

నిలువు గీతలకి ఇంత దెబ్బ తగలదు. 12 డిగ్రీలకి మందం 2 శాతం తగ్గుతుంది, 20కి 6 శాతం. అందుకే 'ఎల్', 'ఐ', 'హెచ్' బాగానే ఉంటాయి, వాటి పక్కన 'ఓ', 'ఎస్', 'ఎ' వేరే ఫాంట్ నుంచి తెచ్చినట్టు ఉంటాయి. సన్నటి ఫాంట్‌లో ఇది కంటికి ఆనదు. బ్లాక్ అనే బాగా మందమైన బరువులో వంపు మందమే పెద్ద ముక్క కాబట్టి కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

పేరు రెండు ముక్కలే కదా. అవుట్‌లైన్స్‌గా మార్చుకుని వంపుల దగ్గర పాయింట్లు జరిపి చేత్తో సరిచేయండి. గ్లిఫ్స్ అనే ఫాంట్ల తయారీ సాఫ్ట్‌వేర్ ఉంటే అందులో కర్సిఫై అని ఉంది, మామూలు స్లాంట్ లాగా కాకుండా మందాలు చాలావరకు కాపాడుతుంది. తర్వాత కంటితో దిద్దుకోవాల్సిందే అనుకోండి.

పిక్సెల్‌పాప
@రాత్రిరెండర్ రోడ్డు మీద పోయేవాడు 'ఎస్' లావుగా ఉందని అనడు, నిజమే. "ఏదో చవగ్గా ఉంది" అంటాడు. అది ఇంకా ఘోరం.

రాత్రిరెండర్
సరే తల్లీ.

పాతఅచ్చు
కాస్త వెనక్కి వెళ్తా, ఓపిక లేనివాళ్లు దాటేయండి. వాలు అక్షరాలు అసలు వేగం కోసం పుట్టలేదు. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ 1501లో వర్జిల్ కావ్యాలని చిన్న సైజు పుస్తకంగా వేసినప్పుడు మొదటిసారి పుస్తకం మొత్తం ఇటాలిక్‌లో వచ్చింది. ఆ అచ్చులు చెక్కినవాడు ఫ్రాన్చెస్కో గ్రిఫో. చేతిరాతని అనుసరించిన అక్షరాలవి. తమాషా ఏంటంటే అందులో చిన్నక్షరాలే వాలు, పెద్దక్షరాలు నిటారుగానే ఉంటాయి.

సాన్స్ ఫాంట్ల సంగతికొచ్చేసరికి ఎక్కువమంది చేతిరాతని వదిలేసి నిటారు రూపాన్నే వాల్చారు. 1957లో అడ్రియన్ ఫ్రూటిగర్ యూనివర్స్ ఫాంట్‌కి పేర్ల బదులు అంకెలు పెట్టాడు, 65 అంటే బోల్డ్, 66 అంటే బోల్డ్ ఒబ్లిక్. గిల్ సాన్స్ లాంటివి వేరే దారి. దాని ఇటాలిక్‌లో చిన్న 'ఎ' రూపమే మారిపోతుంది. మన వంకరగీత గారికి కావలసింది ఒబ్లిక్ బాపతే. చేతిరాత వాసన ఉన్న ఇటాలిక్ వేస్తే పోస్టరు మర్యాదగా ఉంటుంది, ఉరుకు ఉండదు.

బోల్డుబాబ్జీ
వేగం కోసం పుట్టలేదు సరే, మరి వాలితే వేగం అని మన కళ్లకి ఎవరు నేర్పారు?

పాతఅచ్చు
ఒక్కరి పేరు చెప్పలేం గానీ, పాత కెమెరాలకి అందులో వాటా ఉంది. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ జాక్ హెన్రీ లార్టీగ్ 1910ల మొదట్లో తీసిన రేసు కారు ఫొటో వెతికి చూడండి. చక్రం కోడిగుడ్డు ఆకారంలో ముందుకి వాలి ఉంటుంది, వెనక నిలబడ్డ జనం అటు వెనక్కి వాలి ఉంటారు. అప్పటి షట్టర్‌లో సన్నటి చీలిక ఫిల్ము మీదుగా జరుగుతూ పోయేది. చక్రం కింది భాగం ఒక క్షణంలో, పై భాగం ఇంకాస్త తర్వాత పడింది, ఈలోగా కారు ముందుకెళ్లిపోయింది. కారుతోపాటు కెమెరానీ తిప్పాడు కాబట్టి జనం అటువైపు వాలారు. కార్టూన్లలో కారు చక్రాలు ముందుకి వాలి ఉండటం ఇలాంటి ఫొటోల చలవే అంటారు.

వంకరగీత
ఫొటో చూశా, అదిరింది. కామేశం గారూ, 12కి తగ్గించి 'ఓ', 'ఎస్' దిద్దాను. చాలా తేడా వచ్చింది. కానీ రెండు ముక్కలనీ ఒకదాని కింద ఒకటి పెడితే ఎడమ అంచు కుదరట్లేదు. కింది లైను కుడికి జరిగినట్టుంది. ఎలైన్ లెఫ్ట్ ఇచ్చినా అంతే.

కెర్నింగ్‌కామేశం
అది ఉండేదే. వాలు అక్షరాలకి నిలువు అంచు పనికిరాదు, అంచు కూడా వాలాలి. కింది లైనుని ఎడమకి జరపండి. ఎంత అంటే, రెండు బేస్‌లైన్ల (అక్షరాలు ఆని నిలబడే గీతల) మధ్య దూరాన్ని 12 డిగ్రీల టాంజెంట్‌తో గుణించండి, అంటే సుమారు 0.21. లైన్ల మధ్య 100 మిల్లీమీటర్లుంటే 21 మిల్లీమీటర్లు ఎడమకి. మొదటి అక్షరం గుండ్రటిదైతే ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు కంటితో చూసి జరపండి.

సైన్‌సూరి
నేను లెక్కలు వేయను. ఆ కోణంలో ఒక గైడ్ గీత గీసి రెండు లైన్లనీ దానికి ఆనిస్తా.

కెర్నింగ్‌కామేశం
లెక్క కంటే అదే నయం.

కండెన్స్‌డ్‌కన్నా
ఇక్కడ అందరూ 12, 12 అంటున్నారు. అది శాసనం ఏమీ కాదు. ఫాంట్ వెడల్పుని బట్టి మారాలి. 12 డిగ్రీల్లో అక్షరం పైభాగం తన ఎత్తులో ఐదో వంతు పక్కకి జరుగుతుంది. కండెన్స్‌డ్ (ఇరుకు) అక్షరం వెడల్పు ఎత్తులో మూడో వంతే ఉంటే ఆ జరుగుడు దాని సగం ఒంటికి పైనే, పడిపోతున్నట్టు ఉంటుంది. అదే బాగా వెడల్పు ఫాంట్‌లో 12 డిగ్రీలు చప్పగా ఉండి, 15 ఇచ్చినా తట్టుకుంటుంది. నా మటుకు కండెన్స్‌డ్‌కి 8 నుంచి 10, వెడల్పువాటికి 14 నుంచి 16.

బోల్డుబాబ్జీ
ఒప్పుకోను. ఫ్యూచురా ఎక్స్‌ట్రా బోల్డ్ కండెన్స్‌డ్ ఒబ్లిక్ ఎన్ని క్రీడా ప్రకటనల్లో చూశాం? ఇరుకూ ఉంది, వాలూ ఉంది, పడిపోవట్లేదు.

కండెన్స్‌డ్‌కన్నా
అది షియర్ బటన్‌తో వచ్చింది కాదు కదా బాబ్జీ, అక్షరాల మధ్య జాగా కూడా దానికి తగ్గట్టే బిగించి ఉంటుంది. జాగా వదులుగా ఉంటే ఒక్కో అక్షరం ఒంటరిగా వాలినట్టు ఉంటుంది. బిగిస్తే పదం మొత్తం ఒక ముద్దగా ముందుకి వంగుతుంది. వంకరగీత గారు ముందు ట్రాకింగ్ మైనస్ చేసి చూడాలి, ఫాంట్ మార్చడం తర్వాత.

పిక్సెల్‌పాప
ఫ్యూచురా అంటే గుర్తొచ్చింది, అమెరికన్ కళాకారిణి బార్బరా క్రూగర్ ఎర్ర పట్టీ మీద తెల్ల ఫ్యూచురా బోల్డ్ ఒబ్లిక్ వేస్తుంది. అక్కడ వాలు వేగం చెప్పదు, మొహం మీద నిలదీస్తున్నట్టు ఉంటుంది. అదే ఫాంట్, అదే వాలు. రంగూ పట్టీ మాటా కలిసి అర్థం మార్చేశాయి. కాబట్టి వాలిస్తే ఊపు దానంతటదే వస్తుందనుకుంటే కష్టం.

ఫాంట్‌బికారి
ఉచితంగా దొరికేవి ఎవరూ చెప్పలేదేంటి? గూగుల్ ఫాంట్స్‌లో కనిత్ బ్లాక్ ఇటాలిక్, ఎక్సో 2 బ్లాక్ ఇటాలిక్, బార్లో కండెన్స్‌డ్ బ్లాక్ ఇటాలిక్. ఈ మూడూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్, పోస్టర్లకీ ప్రకటనలకీ వాడుకోవచ్చు. రేసింగ్ సాన్స్ వన్ ఉంది, పుట్టుకతోనే వాలు, కానీ ఒకటే బరువు. ఫాస్టర్ వన్ అని ఇంకోటుంది, అక్షరాల్లోనే గాలి గీతలుంటాయి. అది వాడితే మాత్రం నన్ను తలుచుకోవద్దు.

నా ఓటు కనిత్‌కి. గీతల చివర్లు కత్తిరించినట్టు ఉంటాయి, వాలు దానికి అతుకుతుంది. పైగా థాయ్ లిపి కూడా అందులో ఇటాలిక్‌లో ఉంది.

వంకరగీత
థాయ్‌కి ఉంది, తెలుగుకి లేదు 😭

అక్షరపిచ్చి
ఆ మాట కోసమే కాచుకుని ఉన్నా. తెలుగులో మందంగా, తలుపు చప్పుడులా వినపడే ఫాంట్లు లేకపోలేదు. రామభద్ర ఉంది. అనేక్ తెలుగు బరువు 800 దాకా వెళ్తుంది, వెడల్పు 75 నుంచి 125 దాకా మార్చుకోవచ్చు. బాలూ తమ్ముడు 2 ఉంది, నోటో సాన్స్ తెలుగు 900 దాకా ఉంది. వీటిలో దేనికీ వాలు రూపం లేదు.

షియర్ కొడితే ఏమవుతుందో చూడండి. తలకట్టు అసలే కుడికి ఎగసే గీత, ఇంకాస్త వాలిస్తే పడుకుంటుంది, సన్నబడుతుంది కూడా. వత్తులు బేస్‌లైన్ కింద ఉంటాయి కాబట్టి అవి కుడికి కాదు, ఎడమకి జరుగుతాయి. 'క్ర'లో ర వత్తు తన అక్షరాన్ని వదిలి ముందు అక్షరం కిందకి దూరుతుంది. ముందున్నదానికీ వత్తు ఉంటే రెండూ గుద్దుకుంటాయి.

అసలు చిక్కు వేరే ఉంది. వాలు కంటికి తెలియాలంటే నిటారు గీత ఉండాలి. ఇంగ్లీషులో 'హెచ్', 'ఎన్', 'ఐ' ఆ పని చేస్తాయి. మన అక్షరాల్లో నిటారు గీతలు తక్కువ, అన్నీ గుండ్రాలే. గుండ్రాన్ని వాలిస్తే కంటికి వాలు కనపడదు, ఒంకర కనపడుతుంది. 12 డిగ్రీల ఇంగ్లీషు పక్కన 12 డిగ్రీల తెలుగు ఎందుకు అతకదో ఇప్పుడు అర్థమైందా?

డీటీపీబావ
అంత భయపెట్టకండి. రోజూ హెడ్డింగులు వాలుస్తూనే ఉన్నాం. 8 డిగ్రీలు దాటకుండా ఉంటే తెలుగు బాగానే నిలబడుతుంది. వత్తులు ఎడమకి పోతే విడిగా పట్టుకుని కుడికి లాగుతా, అర నిమిషం పని. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో అయితే వత్తు వేరే అక్షరంగానే ఉంటుంది, జరపడం ఇంకా తేలిక. ఆ ఒక్క సుఖం కోసం వాటిని వదలలేకపోతున్నా.

అక్షరపిచ్చి
బావగారూ, 8 డిగ్రీలకి హెడ్డింగు నిలబడుతుంది, ఒప్పుకుంటా. పక్కన 12 డిగ్రీల ఇంగ్లీషు లేనంతవరకు. ఇక్కడ రెండూ ఒకే పోస్టరులో ఉండాలి, ఇబ్బంది అక్కడే.

డీటీపీబావ
మరి మీరైతే ఏం చేస్తారు? వద్దనడం తేలికే.

అక్షరపిచ్చి
తెలుగుని వాలించను. అనేక్‌లో 800 బరువు, వెడల్పు 125 పెట్టి, పదం మొత్తాన్నీ ఒక వాలు పట్టీలో కూర్చోబెడతా. పట్టీ అంచులు ఇంగ్లీషు వాలుకి సమాంతరంగా 12 డిగ్రీలు. ఊపు పట్టీ ఇస్తుంది, అక్షరాలు నిటారుగా తమ పని తాము చేసుకుంటాయి. వత్తు గొడవ లేదు, తలకట్టు గొడవ లేదు. టైమ్ ఉంటే ఇంకోటి: గీతల చివర్లని, ముఖ్యంగా తలకట్టు కొసనీ దీర్ఘం కొసనీ, అదే కోణంలో కత్తిరిస్తా. అక్షరం కదలకుండానే పక్కనున్న ఇంగ్లీషుతో చుట్టరికం కలుస్తుంది.

డీటీపీబావ
కొసలు కోసే ఆలోచన బాగుంది. దొంగిలిస్తున్నా.

సైన్‌సూరి
ఇంకో చిట్కా. చాలామంది వాలించి, ఆపైన లైను మొత్తాన్నీ పైకి తిప్పుతారు, డబుల్ ఊపు వస్తుందని. 12 డిగ్రీలు వాలించి 12 డిగ్రీలు పైకి తిప్పితే నిలువు గీతలు మళ్లీ నిటారుగా వచ్చేస్తాయి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇది తప్పని అనట్లేదు. లైను పైకెక్కుతూ గీతలు నిటారుగా ఉంటే మెట్లెక్కుతున్నట్టు గట్టిగా ఉంటుంది, నాకు ఇష్టం. కానీ వాలు ఏమైపోయిందని వెతుక్కోకూడదు. రెండూ కనపడాలంటే తిప్పుడు 4, 5 డిగ్రీల దగ్గర ఆపాలి.

రాత్రిరెండర్
సూరి అన్నా, వాహనాల మీద రాస్తావు కదా. బండి రెండో పక్క ఏం చేస్తావు? కుడివైపు నుంచి చూస్తే బండి కుడికే పోతుంది, అక్షరాలూ కుడికే వాలి ఉంటాయి, బాగుంటుంది. ఎడమ పక్క నుంచి చూస్తే బండి ఎడమకి, వాలు కుడికి. బ్రేకు వేసినట్టు ఉంటుంది.

సైన్‌సూరి
ఇదిగో, ఇన్నాళ్లకి పనికొచ్చే ప్రశ్న అడిగావు. ఆ పక్కన అక్షరాలని ఎడమకి వాలుస్తా, అడిగినవాళ్లకి మాత్రమే. లోగో అయితే ఎవరూ ఒప్పుకోరు, రెండు పక్కలా ఒకేలా ఉండాలంటారు. అప్పుడు అక్షరాల జోలికి పోకుండా పక్కనున్న గీతలనీ రంగు పట్టీలనీ బండి పోయే దిక్కుకి వాలుస్తా. వెనక్కి వాల్చాల్సి వస్తే కోణం తక్కువ పెట్టాలి. కుడివాలుకి అలవాటు పడ్డ కంటికి ఎడమవాలు 8 డిగ్రీలే 12లా అనిపిస్తుంది.

వెబ్‌వెంకీ
పోస్టరు వాళ్ల సంగతి అయింది కదా, వెబ్ వాళ్ల కష్టాలు వినండి. ఫాంట్ ఫైల్లో ఇటాలిక్ లేకపోతే బ్రౌజరు తనే వాలుస్తుంది, కామేశం గారు చెప్పిన జబ్బులన్నీ ఉచితం. ఫాంట్-సింథసిస్ అనే సీఎస్ఎస్ (వెబ్ పేజీ రూపం చెప్పే భాష) లక్షణానికి నన్ అని ఇస్తే ఆ దొంగ వాలు ఆగుతుంది.

వేరియబుల్ ఫాంట్లలో (ఒకే ఫైల్లో బరువు, వాలు లాంటివి మార్చుకోగలిగేవి) వాలుకి ప్రత్యేకంగా స్లాంట్ అక్షం ఉంది. రికర్సివ్ ఫాంట్‌లో అది 0 నుంచి మైనస్ 15 దాకా. అవును, మైనస్. ఓపెన్‌టైప్ అనే ఫాంట్ ఫైళ్ల ప్రమాణంలో కోణాన్ని గడియారం ముల్లుకి ఎదురుదిక్కులో కొలుస్తారు, కుడివాలు మైనస్ అవుతుంది. సీఎస్ఎస్‌లో ఒబ్లిక్ 14 డిగ్రీలు అంటే ప్లస్, అదే కుడివాలు. ఈ రెండు ప్రమాణాలు రాసినవాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టి తాళం వేయాలి.

పిక్సెల్‌పాప
వెంకీ గారు, హెడ్డింగుకి గ్రేడియంట్ రంగు వేస్తే చివరి అక్షరం కొస తెగిపోతోంది. 'ఎఫ్', 'టి' వస్తే మరీను. ఎందుకు?

వెబ్‌వెంకీ
వాలిన అక్షరం పైకొస తన పెట్టె దాటి కుడికి వస్తుంది. గ్రేడియంట్ పెట్టె వరకే పడుతుంది, దాటిన ముక్కకి రంగు ఉండదు. కుడివైపు 0.2 ఈఎమ్ (ఫాంట్ సైజులో ఐదో వంతు) ప్యాడింగ్ ఇవ్వండి, సరిపోతుంది. వీడియో సాఫ్ట్‌వేర్లలో టెక్స్ట్ పెట్టె కోసేసే గొడవా ఇదే.

గట్టుమీదపెద్దాయన
ఇంతసేపు చదివాను. ఒక సందేహం: అసలు వాలు లేకుండా ఊపు రాదా? ఈమధ్య క్రీడలకి సంబంధించిన ప్రతిదీ మందం, వాలు, పెద్దక్షరాలు. పది పోస్టర్లు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో తెలియదు.

బోల్డుబాబ్జీ
వస్తుంది. కానీ వాలు కావాలని అడిగారు కదా పెద్దాయనా, డబ్బులిచ్చేది వాళ్లు.

పిక్సెల్‌పాప
పెద్దాయన మాటలో పాయింటుంది. కనీసం పేరు ఒక్కటే వాలించి, తేదీ, వేదిక, నియమాలు నిటారుగా వదిలేయండి. మందమైన వాలు అక్షరాల్లో పేరాలు చదవడం నరకం. డిస్లెక్సియా ఉన్నవాళ్లకి ఇంకా కష్టం, బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ తన సూచనల్లో ఇటాలిక్ మానేసి నొక్కి చెప్పాలంటే బోల్డ్ వాడమంటుంది. అన్నీ పరిగెడుతుంటే ఏది ముందుందో ఎలా తెలుస్తుంది?

వంకరగీత
కనిత్ బ్లాక్ ఇటాలిక్ పెట్టాను, ట్రాకింగ్ మైనస్ 20, కింది లైను గైడ్‌కి ఆనించాను. తెలుగు నిటారుగా, వాలు పట్టీలో. వాళ్లకి నచ్చింది. ఇప్పుడు చుట్టూ తెల్ల అవుట్‌లైన్ అడుగుతున్నారు. వేస్తే 'ఎ', 'ఎన్' మూలల్లో ముళ్లు పొడుచుకొస్తున్నాయి.

కెర్నింగ్‌కామేశం
వాలు వల్ల కొన్ని మూలలు ఇంకా కోసుగా అవుతాయి. స్ట్రోక్ ప్యానెల్‌లో మైటర్ లిమిట్ (మూల ఎంతవరకు పొడుచుకురావచ్చో చెప్పే అంకె) 10 ఉంటుంది, 3కి తగ్గించండి. లేదా జాయిన్‌ని బెవెల్ (మూల కత్తిరించినట్టు) చేయండి. రౌండ్ వద్దు, ఈ ఫాంట్ కోతలకి నప్పదు. ఇంకోటి, చేత్తో వాలించిన అక్షరాలైతే ముందు వాలించి తర్వాత అవుట్‌లైన్ వేయాలి. అవుట్‌లైన్‌ని ఎక్స్‌పాండ్ చేశాక షియర్ కొడితే దాని మందం ఒక్కో పక్క ఒక్కోలా వస్తుంది.

సైన్‌సూరి
అదే డిజైను వినైల్‌లో కోయిస్తారా? కోయిస్తే ఆ కోసు మూలలని ఒక అర మిల్లీమీటరు గుండ్రం చేసి పంపండి. మరీ సూదిగా ఉంటే బ్లేడు తిరిగేచోట చిరుగుతుంది, అతికించాక ముందు లేచేది కూడా ఆ కొసే.

వంకరగీత
కోయిస్తారట, ఇప్పుడే అడిగా. ఫ్లెక్సీకి ఒక ఫైలు, వినైల్‌కి ఒకటి విడిగా చేస్తున్నా.